పద్యనాటకాల వీడియోలకు ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి?

ప్రశ్న: రంగస్థలప్రియ, తెనాలి

సభ్యులందరికీ నమస్కారం. మా ఊళ్లో ఒక చిన్న పద్యనాటక సమాజం ఉంది. శివరాత్రికి, ఉగాదికి, చుట్టుపక్కల ఊళ్ల తిరునాళ్లకు నాటకాలు వేస్తుంటాం. హార్మోనియం శ్రుతిలో కలిసి పద్యం ఎత్తుకుని, చివరి పాదం మీద రాగం తీయగలిగిన పెద్దలు మాలో ఇంకా కొందరు ఉన్నారు, కానీ వారిలో ఎక్కువమందికి వయసు డెబ్బై దాటింది. వారు ఉండగానే వారి గానాన్ని, అభినయాన్ని సక్రమంగా రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాలని సమాజం నిర్ణయించి, ఆ పనిని నాకు అప్పగించింది. నేను డిగ్రీ కళాశాలలో తెలుగు బోధిస్తాను. ఫోన్‌లో చిన్న చిన్న వీడియోలు కత్తిరించి అతికించడం తప్ప ఎడిటింగ్ తెలియదు.

చిత్రీకరణకు రెండు ఫోన్లు వాడుతున్నాం. ఒకటి వేదిక మొత్తం కనిపించేలా దూరంగా, రెండవది పాత్రధారుల ముఖాలు కనిపించేలా ముందు వరుస దగ్గర స్టాండు మీద ఉంటుంది. ధ్వనిని మాత్రం ఫోన్ల మీద వదిలిపెట్టకుండా, మైకు సెట్టువారి మిక్సర్ నుంచి నేరుగా ఒక చిన్న రికార్డర్‌లోకి తీసుకుంటున్నాం. నాటకం సుమారు మూడు గంటలు సాగుతుంది. నా ల్యాప్‌టాప్ ఎనిమిదవ తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్నది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. విండోస్ 10 వాడుతున్నాను. బయట పెట్టుకునే హార్డ్ డిస్కు ఒకటి ఉంది.

నాకు కావలసినవి పెద్దగా లేవు. రెండు ఫోన్ల దృశ్యాలను సందర్భాన్ని బట్టి మార్చుకుంటూ వాటికి మిక్సర్ ధ్వనిని కలపాలి. పద్యం వస్తున్నప్పుడు దాని పాఠం తెరమీద తెలుగులో కనిపించాలి. మూలలో సాఫ్ట్‌వేర్ పేరు ముద్ర పడకూడదు. నెలనెలా చందా కట్టే స్థోమత సమాజానికి లేదు, ఒకేసారి కొంత ఖర్చు పెట్టమంటే ఆలోచించగలం. తెలిసిన స్టూడియో వ్యక్తి ఒకరు ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ను క్రాక్ చేసిన ప్రతి ఇస్తానన్నారు, కానీ నాకు మనసొప్పడం లేదు. ఇంటర్నెట్‌లో "ఉత్తమమైన పది ఎడిటర్లు" అంటూ వచ్చే జాబితాలు చదివితే ప్రతిదీ గొప్పదే అన్నట్టుంది. నా పరిస్థితికి ఏది తగినదో, ఎందుకు తగినదో అనుభవజ్ఞులు చెప్పగలరని మనవి.

సమాధానం: కత్తెరబల్ల, విజయవాడ

మాస్టారూ, నేను చాలాకాలంగా పెళ్లి వీడియోల ఎడిటింగ్ వృత్తిలో ఉన్నాను. ముందుగా క్రాక్ ప్రతి సంగతి తేల్చేస్తాను: వద్దు. అది చట్టవిరుద్ధమన్నది ఒక కారణమైతే, ఆ ప్రతులతో పాటు వచ్చే వైరస్‌ల వల్ల హార్డ్ డిస్కులోని ఫైళ్లన్నీ తాళం పడిపోయిన సందర్భాలను నేను కళ్లారా చూశాను. మీరు దాచుకోబోయేది మళ్లీ తీయడానికి వీలులేని సామగ్రి కాబట్టి, దాన్ని అటువంటి కంప్యూటర్‌లో పెట్టడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు.

ఇక సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే, జాబితాల్లో కనిపించే ఎఫెక్టులను, ట్రాన్సిషన్లను పక్కన పెట్టి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మీ ఫోన్లు ఇచ్చే ఫైళ్లను మీ ల్యాప్‌టాప్ ఆ సాఫ్ట్‌వేర్‌లో తడబడకుండా ఆడించగలదా? రెండు దృశ్యాలను, విడిగా తీసిన ధ్వనిని అది సులువుగా జత చేస్తుందా? తెలుగు అక్షరాలను సరిగా చూపిస్తుందా? మూడవదాని గురించి నాకంటే బాగా చెప్పగలిగినవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి మొదటి రెండింటికే పరిమితమవుతాను.

ఫోన్ తీసే వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. మధ్యమధ్యలో కొన్ని ఫ్రేములు మాత్రమే పూర్తిగా ఉంటాయి, మిగిలినవాటిలో ముందు వెనుక ఫ్రేములతో పోల్చినప్పుడు వచ్చే తేడా మాత్రమే దాచి ఉంటుంది. ఫైలు చిన్నదిగా ఉండటానికి ఇది మంచి పద్ధతే అయినా, ఎడిటింగ్‌లో మీరు ఒక చోట క్లిక్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ వెనుకనున్న పూర్తి ఫ్రేము దాకా వెళ్లి, అక్కడి నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. ఇలా కుదించే పద్ధతుల్లో హెచ్.264తో తీసిన ఫైళ్ల విషయంలో ఈ భారం ఒక మోస్తరుగా ఉంటుంది, హెచ్.265 ఫైళ్లకు మరింత పెరుగుతుంది. రెండు ఫోన్ల దృశ్యాలను ఒకేసారి ఆడించాలంటే రెట్టింపు అవుతుంది. చాలామంది కొత్తవారు సాఫ్ట్‌వేర్ బాగాలేదని వదిలేయడానికి అసలు కారణం ఇదే.

దీనికి మందు ప్రాక్సీ. సాఫ్ట్‌వేర్ మీ అసలు ఫైలుకు ఒక తేలికపాటి నకలు తయారుచేసుకుని, మీరు కత్తిరింపులన్నీ ఆ నకలు మీద చేస్తుండగా, చివరికి ఎగుమతి చేసేటప్పుడు (పూర్తయిన వీడియోను ఫైలుగా బయటికి తీసేటప్పుడు) మాత్రం అసలు ఫైలునే వాడుకుంటుంది. అందువల్ల నాణ్యత తగ్గదు. ప్రాక్సీ సౌకర్యం లేని సాఫ్ట్‌వేర్‌ను మీ ల్యాప్‌టాప్‌లో, మూడు గంటల నాటకానికి, నేను సూచించను.

ఈ లెక్కన మీకు నా సిఫారసు కేడెన్‌లైవ్. ఇది కేడీఈ సముదాయం తయారుచేసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. విండోస్‌లో పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, వాటర్‌మార్క్ ఉండదు, ఎంత నిడివి ఉన్నా అభ్యంతరం చెప్పదు. ప్రాజెక్ట్ సెట్టింగులలో ప్రాక్సీ అనే ట్యాబ్‌లో ఒకసారి టిక్కు పెడితే, పెద్ద ఫైళ్లు చేర్చినప్పుడల్లా నకళ్లను తానే తయారుచేసుకుంటుంది. మిక్సర్ ధ్వనిని ఎంచుకుని దాన్నే సరిపోల్చడానికి ఆధారంగా నిర్ణయించి, తరువాత ఫోన్ క్లిప్పులను ఎంచుకుని ఆధారంతో సరిచూడమంటే, రెండింటి ధ్వని తరంగాలను పోల్చి క్లిప్పును సరైన చోటికి జరుపుతుంది. అందుకే ఫోన్లలో ధ్వని నాసిరకంగా ఉన్నా సరే రికార్డు కానివ్వండి, ఆపవద్దు. జత కలపడానికి అదే ఆధారం. పైగా 23.04 వెర్షన్ నుంచి ఒకే ప్రాజెక్టులో అనేక సీక్వెన్సులు, అంటే విడివిడి టైమ్‌లైన్లు, పెట్టుకోవచ్చు కాబట్టి, నాటకంలోని ఒక్కొక్క రంగాన్ని ఒక్కొక్క సీక్వెన్సుగా విడదీసుకుంటే మూడు గంటల టైమ్‌లైన్‌ను ఒకేసారి మోయవలసిన అవసరం ఉండదు.

షాట్‌కట్ కూడా ఉచితమే. అదీ కేడెన్‌లైవ్ ఆధారపడే ఎంఎల్‌టీ పునాది మీదనే పనిచేస్తుంది. దానిలోనూ ప్రాక్సీ ఉంది, నేర్చుకోవడం ఇంకొంచెం సులభం. ఒక్క కెమెరాతో తీసిన పాఠాలకు, ప్రసంగాలకు నేను దాన్నే చెబుతాను. రెండు కోణాల మధ్య మార్పులు ఎక్కువగా ఉన్న మీ పనికి మాత్రం కేడెన్‌లైవ్ మేలు. మైక్రోసాఫ్ట్‌వారి క్లిప్‌చాంప్ చిన్న వీడియోలకు సరిపోతుంది, ఇంత పెద్ద పనికి అది చాలదు. ఫోన్ యాప్‌ల గురించి మీకే తెలుసు.

సమాధానం: రంగులరాట్నం, హైదరాబాద్

కత్తెరబల్ల గారు చెప్పినవాటిలో చాలావాటిని అంగీకరిస్తూనే, ఒక భిన్నాభిప్రాయం నమోదు చేయదలిచాను. కొత్తగా నేర్చుకునేవారు ఎంత కష్టమైనా డావిన్చీ రిజాల్వ్‌తోనే మొదలుపెట్టాలన్నది నా అభిప్రాయం. బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ సంస్థ దీనిని రెండు రూపాల్లో ఇస్తోంది. ఉచిత ప్రతిలోనే సెకనుకు 60 ఫ్రేముల వరకు, 3840×2160 పరిమాణం వరకు వాటర్‌మార్క్ లేకుండా ఎగుమతి చేసుకోవచ్చు, అంతకుమించి మీ నాటకానికి అవసరం ఉండదు. స్టూడియో ప్రతి ధర 295 డాలర్లు. అది కూడా చందా కాదు, ఒకేసారి కట్టేది.

నేను దీనిని ఇంతగా సమర్థించడానికి కారణం ధ్వని. మీ వీడియోలో ప్రాణమంతా గాత్రంలో ఉంది. రిజాల్వ్‌లోని ఫెయిర్‌లైట్ పేజీ పూర్తిస్థాయి ధ్వని మిశ్రమానికి ఉద్దేశించినది. హార్మోనియం బిగ్గరగా వినిపించి గాత్రం అణిగిపోయిన చోట, లేదా నటుడు మైకుకు దూరంగా జరిగిన చోట, స్థాయిలను కోరుకున్నంత సూక్ష్మంగా సవరించుకోవచ్చు. రంగస్థల దీపాల కింద ఒక ఫోన్‌లో పచ్చగా, మరొక ఫోన్‌లో ఎర్రగా వచ్చే ముఖాలను ఒకే వన్నెకు తీసుకురావడానికి దీని కలర్ పేజీని మించినది ఉచితంగా దొరకదు. రెండు కోణాలను మల్టీక్యామ్ క్లిప్‌గా కలిపి, నాటకం నడుస్తుండగా మీట నొక్కి కోణం మార్చుకోవచ్చు. సంస్థవారి శిక్షణ పుస్తకాలు, వాటికి తోడుగా అభ్యాసానికి కావలసిన ఫైళ్లు వారి వెబ్‌సైటులోనే ఉచితంగా లభిస్తాయి. అవి ఇంగ్లీషులో ఉన్నా, మీకు ఇబ్బంది కాదనుకుంటాను.

అయితే 8 జీబీ ర్యామ్‌తో ఇది సుఖంగా నడవదని ఒప్పుకోక తప్పదు. కనీసం 16 జీబీ ఉండాలి, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మరీ మంచిది. మీ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెంచుకునే వీలుందేమో దుకాణంలో చూపించుకుని, సమాజం పెట్టదలచిన డబ్బును సాఫ్ట్‌వేర్ మీద కాక దానిమీద పెట్టండి.

సమాధానం: కత్తెరబల్ల, విజయవాడ

రంగులరాట్నం గారు ధ్వని గురించి, రంగుల గురించి చెప్పినది అక్షరాలా నిజం. నా దుకాణంలో నేను వాడేది కూడా రిజాల్వే. కానీ గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో, ర్యామ్ పెంచినా సరే, కలర్ పేజీలో రెండు మూడు మార్పులు చేసేసరికి బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. నేర్చుకునే దశలో అలా జరిగితే, తప్పు తనదో యంత్రానిదో కొత్తవారికి తెలియదు. ఉన్న యంత్రంతో ముందు నాలుగు నాటకాలు బయటికి రావాలి. మెరుగైన కంప్యూటర్ సమకూరినప్పుడు రిజాల్వ్‌కు మారవచ్చు. కత్తిరింపు, జత కలపడం, ఎక్కడ దగ్గరి దృశ్యం వేయాలో ఎక్కడ దూరపు దృశ్యం ఉంచాలో తెలియడం, ఇవన్నీ అప్పుడు కూడా మీ వెంటే వస్తాయి.

ఇదే పోస్టు చదివే లినక్స్ వాడుకరులకు ఒక హెచ్చరిక: లినక్స్‌లో రిజాల్వ్ ఉచిత ప్రతి సాధారణ ఫోన్ వీడియోల హెచ్.264 ఫైళ్లను తెరవదు. ముందుగా వేరే రూపంలోకి మార్చుకోవాలి.

సమాధానం: అక్షరమాల, బెంగళూరు

నేను ఉపశీర్షికల పని చేస్తాను. మాస్టారు అడిగినవాటిలో అందరూ చివరికి వదిలేసే అంశం తెలుగు పాఠం, నా దృష్టిలో దానిని మొదటే పరీక్షించుకోవాలి. సాఫ్ట్‌వేర్ ఏదైనా, ఇన్‌స్టాల్ చేసిన వెంటనే ఒక టైటిల్ తెరిచి "స్త్రీ, ఊర్ధ్వం, రాష్ట్రం, లక్ష్మి, కార్త్స్న్యం" అనే మాటలు టైపు చేయండి. అక్షరాలను కూర్చే ఏర్పాటు సరిగా లేని సాఫ్ట్‌వేర్‌లో సకారం పక్కన ఒక పొల్లు, తకారం పక్కన మరొక పొల్లు, చివర గుడిదీర్ఘం విడిగా, ఇలా "స్త్రీ" ముక్కలుముక్కలుగా కనిపిస్తుంది. అలా కనిపిస్తే దోషం ఖతిది (ఫాంటుది) కాదు, సాఫ్ట్‌వేర్‌ది. ఎన్ని ఖతులు మార్చినా బాగుపడదు.

కేడెన్‌లైవ్, షాట్‌కట్ రెండూ క్యూటీ అనే పునాది మీద తయారైనవి, అది తెలుగు వత్తులను సరిగా కూరుస్తుంది కనుక వాటి టైటిళ్లలో చిక్కు ఉండదు. అడోబీవారి ఎడిటరైన ప్రీమియర్ ప్రో వాడేవారు ప్రిఫరెన్సులలో గ్రాఫిక్స్ విభాగంలోకి వెళ్లి, పాఠ్య యంత్రాన్ని "సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్" అన్న దానికి మార్చుకోవాలి. ఆ ఒక్క మార్పు తెలియక ప్రీమియర్‌లో తెలుగు రాదని అనుకునేవారు ఎందరో ఉన్నారు. రిజాల్వ్‌లో మీరు వేసుకున్న వెర్షన్‌లో పైన చెప్పిన మాటలతో పరీక్షించి చూసుకోండి. సరిగా రాకపోతే, ఇంక్‌స్కేప్, జింప్ వంటి బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో పద్యాన్ని రాసి, వెనుక నేపథ్యం పారదర్శకంగా ఉండేలా పీఎన్‌జీ బొమ్మగా దాచి, దాన్ని వీడియో మీద ఒక పొరగా పరచుకోవచ్చు. ఈ పద్ధతి ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా పనిచేస్తుంది.

మీ సమాజం దగ్గర నాటక ప్రతులు డీటీపీ చేయించి ఉంటే, అవి బహుశా అను ఖతులలో ఉంటాయి. ఆ పాఠం చూడటానికి తెలుగే అయినా కంప్యూటర్ లోపల ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాగి ఉంటుంది. దాన్ని నేరుగా టైటిల్‌లో అతికిస్తే అర్థంలేని అక్షరాలు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు దొరుకుతాయి. మార్చిన తరువాత అరసున్నాలు, బండి ఱలు, సంయుక్తాక్షరాలు ఒకసారి సరిచూసుకోవడం మాత్రం తప్పనిసరి. తెలుగు అధ్యాపకులైన మీకు అది కష్టం కాదు. ఖతుల విషయంలో, గూగుల్ ఫాంట్స్‌లో సిలికానాంధ్రవారి మండలి, రామభద్ర వంటివి ఉచితంగా ఉన్నాయి. శీర్షికలకు రామభద్ర నిండుగా ఉంటుంది, పద్యపాఠానికి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ చిన్న తెర మీద కూడా చక్కగా చదవవస్తాయి.

ఇక అసలు ఇబ్బంది పద్యపాదం పొడవు. ఉత్పలమాలకు, మత్తేభానికి పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21, శార్దూలానికి 19. నాలుగు పాదాలూ ఒకేసారి తెర మీద పరిస్తే, ఫోన్‌లో చూసే ప్రేక్షకుడికి అవి చీమలబారులా కనిపిస్తాయి, పైగా నటుడి ముఖం కప్పబడిపోతుంది. నటుడు ఏ పాదం పాడుతున్నాడో ఆ పాదాన్ని మాత్రం, యతిస్థానం దగ్గర విరిచి రెండు వరుసలుగా, తెర అడుగున వేయడం నేను పాటించే పద్ధతి. సీసానికి ఎలాగూ ప్రతి పాదాన్నీ రెండు సగాలుగా రాయడం మన అలవాటే కాబట్టి అక్కడ చిక్కే లేదు, తరువాత వచ్చే ఆటవెలదికో తేటగీతికో చిన్న పాదాలు ఒక్క వరుసలో సరిపోతాయి. వరుసల మధ్య ఎడాన్ని ఇంగ్లీషుకు ఇచ్చేదానికంటే ఎక్కువ ఇవ్వండి, లేకపోతే పై వరుసలోని వత్తులు కింది వరుసలోని తలకట్లను తాకుతాయి. తెల్లని అక్షరాలకు సన్నని నల్లని అంచు పెడితే, పట్టుబట్టల మెరుపు మీద కూడా స్పష్టంగా కనిపిస్తాయి.

రాగం తీసేటప్పుడు పాఠాన్ని తీసివేయండి. ఆ సమయంలో ప్రేక్షకుడు చూడవలసింది గాయకుడి ముఖం.

సమాధానం: గోదారిగట్టు, రాజమహేంద్రవరం

సమాజంలో ఎవరి దగ్గరైనా ఆపిల్ కంప్యూటర్ ఉంటే ఐమూవీ ఉచితంగానే వస్తుంది, తెలుగు కూడా సరిగా కనిపిస్తుంది. కానీ దానిలో ప్రధాన దృశ్యం మీద ఒక్క పొరకే అవకాశం ఉంటుంది. రెండవ కోణాన్ని పొరగా వేస్తే, దాని మీద పద్యాన్ని బొమ్మగా వేయడానికి చోటు మిగలదు. కాబట్టి మీ పనికి అది చాలదనే అనుకుంటున్నాను. ఫైనల్ కట్ ప్రో అయితే అన్నీ చేయగలదు, దాన్ని కొంతకాలం ఉచితంగా వాడి చూసే అవకాశం కూడా ఉంది. దానికోసం కొత్త కంప్యూటర్ కొనమని మాత్రం ఎవరికీ చెప్పను.

ప్రశ్నించినవారి స్పందన: రంగస్థలప్రియ, తెనాలి

ఇంత ఓపికగా వివరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. అక్షరమాల గారు చెప్పిన మాటలతో కేడెన్‌లైవ్‌లో పరీక్షించాను, "కార్త్స్న్యం" సైతం ఒక్క దోషం లేకుండా వచ్చింది. మా నాటక ప్రతులు వారు ఊహించినట్టే అను ఖతులలో ఉన్నాయి, మార్పిడి మొదలుపెట్టాను. ప్రాక్సీలు తయారైన తరువాత ల్యాప్‌టాప్ కూడా మొరాయించడం లేదు.

ఒక సందేహం మాత్రం తీరలేదు. ధ్వనిని ఆధారంగా పెట్టి జత చేసినప్పుడు నాందీ ప్రస్తావన దగ్గర పెదవుల కదలికకు, మాటకు చక్కగా పొందిక కుదిరింది. నాటకం సాగేకొద్దీ ఆ పొందిక కొద్దికొద్దిగా సడలి, చివరి రంగానికి వచ్చేసరికి పెదవులు ముందు, మాట వెనుక అన్నట్టుగా తయారైంది. రెండు ఫోన్లలో ఒకదానితో ఈ తేడా ఎక్కువగా ఉంది. దీనికి కారణం ఏమిటి? అలాగే ఎగుమతి చేసేటప్పుడు ఏ అంకెలు పెట్టుకోవాలో కూడా చెప్పగలరు.

సమాధానం: కత్తెరబల్ల, విజయవాడ

దీనికి రెండు కారణాలు కలిసి ఉంటాయి. మొదటిది, చాలా ఫోన్లు సెకనుకు సరిగ్గా 30 ఫ్రేములు తీయవు. వెలుతురు తగ్గినప్పుడు, ఫోన్ వేడెక్కినప్పుడు ఆ సంఖ్యను తగ్గించుకుని, మళ్లీ పెంచుకుంటాయి. ఈ అస్థిర ఫ్రేము వేగం ఎడిటింగ్‌లో పెదవులకూ మాటకూ పొత్తు తప్పిస్తుంది. తేడా ఎక్కువగా ఉన్న ఫోన్‌ది ఈ జబ్బే అయ్యుండవచ్చు. అటువంటి ఫైలును చేర్చినప్పుడు, ఎడిటింగ్‌కు అనువైన రూపంలోకి మార్చనా అని కేడెన్‌లైవ్ అడుగుతుంది, ఒప్పుకోండి. అడగకపోతే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలును తెరిచి, వీడియో ట్యాబ్‌లో స్థిర ఫ్రేము వేగాన్ని ఎంచుకుని మార్చుకోండి. మార్చిన ఫైలుతోనే పని చేయండి, అసలు ఫైలును మాత్రం చెరపవద్దు.

రెండవది, రికార్డర్‌లోని గడియారం, ఫోన్‌లోని గడియారం వేర్వేరు యంత్రాలు. వాటి నడకలో ఉండే అతి స్వల్ప భేదం పది నిమిషాల్లో కనిపించదు కానీ, మూడు గంటలకు పేరుకుని కళ్లకు తెలిసేంత అవుతుంది. దీనికి సాఫ్ట్‌వేర్‌లో చికిత్స వెతకడం కంటే, తెర పడిన ప్రతిచోటా క్లిప్పును కత్తిరించి, ప్రతి రంగాన్నీ విడిగా మళ్లీ ధ్వనితో సరిచూసుకోవడం సులభం. రంగానికి ఒక సీక్వెన్సు పెట్టుకోమని అందుకే చెప్పాను. వచ్చే నాటకానికి ప్రతి రంగం మొదట్లో వేదిక మీద ఎవరిచేతనైనా రెండు ఫోన్లకూ కనిపించేలా గట్టిగా ఒక చప్పట కొట్టించండి. తరంగంలో ఆ చప్పట కొండలా లేచి కనిపిస్తుంది కనుక, యంత్రం పొరబడినా మీరు చేత్తో సరిదిద్దుకోగలరు.

వచ్చే చిత్రీకరణకు మరొక సంగతి. మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి, వేదిక మీద ట్యూబ్‌లైట్లు, కొన్ని రకాల ఎల్ఈడీ దీపాలు సెకనుకు నూరుసార్లు మినుకుతాయి. 30 ఫ్రేముల వేగంలో ఆ మినుకు చారలుగా పాకుతూ కనిపించవచ్చు. ఫోన్‌లో 25 ఫ్రేముల ఎంపిక ఉంటే రెండింటిలోనూ దాన్నే పెట్టండి. ఐఫోన్‌లో అయితే కెమెరా సెట్టింగులలో పాల్ ఫార్మాట్లు చూపించమంటే ఆ ఎంపిక బయటపడుతుంది. ప్రో మోడ్ ఉన్న ఫోన్లలో షట్టర్‌ను 1/50 దగ్గర నిలిపితే చాలావరకు చారలు పోతాయి. ఏదైనా సరే, రెండు ఫోన్లలోనూ ఒకే వేగం ఉండాలి, ప్రాజెక్టులో కూడా అదే వేగం ఉండాలి.

ఎగుమతికి ఎంపీ4, హెచ్.264 ఎంచుకోండి. 1080పీ పరిమాణంలో 25 లేదా 30 ఫ్రేములకు యూట్యూబ్ సూచించే బిట్‌రేటు (సెకనుకు పట్టే డేటా) 8 ఎంబీపీఎస్, అంటే 8 మెగాబిట్లు. ధ్వని ఏఏసీ, 48 కిలోహెర్ట్జ్. ఆ లెక్కన నిమిషానికి సుమారు 60 ఎంబీ, మూడు గంటలకు దాదాపు 11 జీబీ అవుతుంది. ఫోన్ల అసలు ఫైళ్లు, 1080పీ హెచ్.264 అయితే, నిమిషానికి 130 ఎంబీ వరకు ఉండవచ్చు కాబట్టి రెండు ఫోన్లకూ కలిపి 47 జీబీ దాకా వస్తాయి. పని జరుగుతున్న నాటకాన్ని మాత్రమే ఎస్ఎస్‌డీ మీద ఉంచి, పూర్తయినవాటిని బయటి డిస్కులోకి మార్చుకోండి. అసలు ఫైళ్ల ప్రతి ఒకటి ఇంకో డిస్కులో కూడా ఉండాలి.

సమాధానం: అక్షరమాల, బెంగళూరు

ఎగుమతి గురించి కత్తెరబల్ల గారు చెప్పినదానికి ఒక చేర్పు. యూట్యూబ్‌లో 15 నిమిషాలకు మించిన వీడియో పెట్టాలంటే ఖాతాను ఫోన్ నంబరుతో ధ్రువీకరించుకోవాలి, అది ముందే చేసి ఉంచుకోండి. వివరణలో 0:00తో మొదలుపెట్టి, ప్రతి రంగం మొదలయ్యే సమయాన్ని, దాని పక్కన రంగం పేరునూ రాస్తే, వీడియో కింద అధ్యాయాలుగా విడిపోతుంది. పద్యం మొదటి మాటలను కూడా అలాగే రాస్తే, ఫలానా పద్యం కోసం వెతుక్కునేవారు మూడు గంటలూ జరుపుకుంటూ కూర్చోనక్కర్లేదు. పాడినవారి పేరు, పాత్ర పేరు అక్కడే యూనికోడ్‌లో రాయండి.

సమాధానం: రంగులరాట్నం, హైదరాబాద్

మాస్టారు కేడెన్‌లైవ్‌తో స్థిరపడినందుకు సంతోషం, వాదన పెంచను. ధ్వని గురించి మాత్రం ఒక మాట. మిక్సర్ నుంచి వచ్చే ధ్వనిలో ప్రేక్షకుల చప్పట్లు, "వన్స్ మోర్" కేకలు దాదాపు ఉండవు, వేదిక ఊపిరి లేనట్టు పొడిగా వినిపిస్తుంది. అందుచేత దూరంగా ఉన్న ఫోన్ ధ్వనిని పూర్తిగా మూసేయకుండా, మిక్సర్ ధ్వని కింద చాలా తక్కువ స్థాయిలో కలిపి ఉంచండి. పద్యం సాగుతున్నంతసేపూ తగ్గించి, పద్యం ముగిసి చప్పట్లు మోగే చోట కొంచెం పెంచండి. కేడెన్‌లైవ్‌లో వాల్యూమ్ ఎఫెక్టుకు కీఫ్రేములు (ఏ క్షణంలో ఎంత స్థాయి ఉండాలో చెప్పే గుర్తులు) పెట్టి ఇది చేయవచ్చు. పెంచినప్పుడు మీటరు ఎరుపు రంగును తాకకుండా చూసుకోండి. ఇంతకుముందే రికార్డర్‌లో పగిలిపోయిన శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి పూర్తిగా బాగుచేయలేదు కాబట్టి, వచ్చే నాటకానికి ముందు, అందరికంటే బిగ్గరగా పాడే నటుడిచేత ఒక పద్యం పై స్థాయిలో పాడించి, రికార్డర్ స్థాయిని దానికి తగ్గట్టు పెట్టుకోండి.

ప్రశ్నించినవారి స్పందన: రంగస్థలప్రియ, తెనాలి

ఇబ్బంది పెట్టిన ఫోన్ ఫైలును హ్యాండ్‌బ్రేక్‌లో స్థిర వేగానికి మార్చి, చివరి రంగాన్ని విడిగా కత్తిరించి మళ్లీ జత చేశాను. పొందిక కుదిరింది. రాయబార ఘట్టాన్ని మొదట పూర్తిచేయాలని సమాజంలో పెద్దలు కోరుతున్నారు. దూరపు ఫోన్ ధ్వనిని చప్పట్ల దగ్గర కలిపి ఆ ఘట్టం సిద్ధంకాగానే లంకె ఇక్కడ పెడతాను. పద్యపాఠం వేసిన తీరు మీద అక్షరమాల గారి అభిప్రాయం తప్పక కావాలి.